ప్రజాప్రభుత్వమునకు బడిని పునాదిగా వేసిన హోరేస్ మాన్ మహాశయుడు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మన దేశపు మహనీయుల చరిత్రములు ఈ సంచికలో వ్రాయగలవారు నాకంటె సమర్థులు పలువురు కలరు. కావున నేను దూరదేశమగు అమెరికానుండి ఒక మహాశయుని మన పాఠకులకు పరిచయము చేయుచున్నాను. ఆయన పేరు హోరేస్ మాన్. తమ్ము తామే పాలించుకొనదలచిన ప్రజలు ఆ పాలనావిధానమును చిన్ననాడే బడిలో నేర్చుకొనవలెనని నమ్మి, ఆ నమ్మకము కొరకు పండ్రెండేండ్లు ఊరూర తిరిగినవాడాయన. ఆయననే ఎన్నుకొనుటకు మరియొక కారణము గూడ కలదు. బాల్యమున ఆయనకు విద్యాభిక్ష పెట్టినది మనదివంటి ఒక గ్రామ గ్రంథాలయము.

శాంతిపర్వమున భీష్ముడు అంపశయ్యపై నుండి ధర్మరాజునకు రాజధర్మములు బోధించిన కథ మనమెరిగినదే. రాజు ఒక్కడైన చోట గురువొక్కడు చాలును. కాని ప్రజలే రాజులైన దేశమున ఆ ధర్మమును ఎవరు ఎవరికి బోధింపవలెను? లక్షలమంది రాజులకు భీష్ములెక్కడ దొరకుదురు? మాన్ మహాశయుడు తన జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే గడపెనని చెప్పవచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యభాగమున మాసచూసెట్స్ అను రాష్ట్రము కలదు. 1778లో అచట ఒక క్రొత్త గ్రామము ఏర్పడినప్పుడు, అప్పటికే జగత్ప్రసిద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరును గ్రామస్థులు దానికి పెట్టుకొనిరి. కొన్నాళ్లకు తమ ప్రార్థనామందిరమునకు గంట యొకటి ఇప్పింపవలసినదని వారు ఆయనను వేడిరి. దేవాలయమునకు గంట కావలెనని మన ఊళ్లలో శ్రీమంతుల నాశ్రయించుటవంటిదే ఇదియును. ఫ్రాంక్లిన్ గంటను పంపలేదు. మ్రోగెడు కంచుకంటె తెలివినిచ్చు పుస్తకము మేలని తలచి 116 సంపుటములను పంపించెను. గ్రంథములైతే వచ్చినవి గాని, వానిని ఎవరికి ఈయవచ్చును, ఎవరికి ఈయరాదు అని ఊరిలో వాదములు బయలుదేరినవి. తుదకు 1790లో గ్రామసభ కూడి, ఊరిలోని వారందరికిని ఉచితముగా ఈయవలెనని తీర్మానించెను. ఆ ప్రాంతములలో గ్రామసభ యనగా పేరునకు మాత్రము ఉండునది కాదు. వోటుగల పురుషులు స్వయముగా ఒకచోట కూర్చుండి, పన్నెంత వేయవలెనో, బాటకు ఎంత, బడికి ఎంత వ్యయము చేయవలెనో చేతులెత్తి నిర్ణయించుకొనెడి సభ అది.

ఆ ఫ్రాంక్లిన్ గ్రామమందే 1796 మే 4వ తేదీన హోరేస్ మాన్ ఒక సామాన్యమైన రైతు కుటుంబమున జన్మించెను. పదుమూడవ యేట తండ్రి గతించెను. ఇంట లేమి. తల్లియు పిల్లలును గడ్డిపోచలను జడలుగా అల్లి టోపీలు చేయువారికి అమ్ముచుండిరి. ఆ బాలుడు కొన్నాళ్లు తన పుస్తకముల వెలను గూడ ఆ గడ్డి అల్లికతోనే సంపాదించుకొనెను. పదునైదేండ్లు వచ్చువరకు అతడు ఏ సంవత్సరమునను పదివారములకు మించి బడికి పోయి యెరుగడు. మిగిలిన కాలమంతయు పొలముపనియే. అట్టి బాలునకు దిక్కైనవి ఫ్రాంక్లిన్ పంపిన పుస్తకములు. అవి పిల్లలకై వ్రాసినవి కావు. ప్రాచీన చరిత్రములు, మతగ్రంథములు, పెద్దలకే కొరుకుడుపడనివి. అయినను అతడు వానినే మరల మరల చదివెను. పిల్లలకు తగిన పుస్తకములు ప్రతి ఊరను ఉండవలెనన్న కోరిక ఆనాడే అతని మనస్సున నాటుకొనెను.

1810లో మరియొక విపత్తు సంభవించెను. అన్న స్టీఫెన్ ఒక ఆదివారమున ప్రార్థనకు పోక, ఈతకు పోయి నీట మునిగి మరణించెను. మరణసంస్కార సమయమున ఆ ఊరి మతాచార్యుడు ఓదార్పు మాట చెప్పుటకు మారుగా, పశ్చాత్తాపము లేక చచ్చిన వారికి కలుగు నరకమును వర్ణించెను. కన్నతల్లి అచటనే కూర్చుండి దుఃఖించుచుండెను. పదునాలుగేండ్ల హోరేస్ ఆ దినమును జీవితాంతము మరవలేదు. ఒక శాఖవారి మతవిశ్వాసమును అందరి పిల్లల తలలపై రుద్దరాదని ఆయన తరువాత పట్టుపట్టుటకు ఈ గాయము గూడ ఒక కారణము కావచ్చును.

ఇరువదియేండ్ల ప్రాయమున అతనికి శామ్యూల్ బారెట్ అను ఒక సంచారోపాధ్యాయుడు లభించెను. ఆయన శిక్షణమున ఆరు మాసములలో లాటిను, గ్రీకు భాషలు నేర్చి, 1816లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున నేరుగా రెండవ తరగతిలో చేరెను. 1819లో సర్వప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట లిచ్‌ఫీల్డున న్యాయశాస్త్రమభ్యసించి 1823లో న్యాయవాది యయ్యెను. 1827లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. ఉన్మాదరోగులను చెరసాలలలో గొలుసులతో బంధించి ఉంచుట ఆ కాలపు ఆచారము. వారికొరకు వూస్టర్ నగరమున 1833లో రాష్ట్ర వైద్యశాల తెరచుటకు మాన్ చేసిన కృషి ప్రధానమైనది. అయితే ఆ మధ్యకాలముననే, వివాహమైన రెండేండ్లలోపల, 1832లో ఆయన భార్య షార్లట్ మరణించెను. ఆ దుఃఖముచే యౌవనముననే ఆయన తల నెరసెనని చెప్పుదురు. కాలక్రమమున ఆయన రాష్ట్ర సెనేటున సభ్యుడై, దానికి అధ్యక్షుడును అయ్యెను. రాజకీయములలో ఇంకను పై మెట్లు ఆయన యెదుట కనబడుచుండెను. వాని నన్నిటిని విడిచి 1837లో ఆయన ఒక చిన్న పదవిని స్వీకరించెను. ఆ రాష్ట్రమున నూతనముగా నేర్పడిన విద్యామండలికి కార్యదర్శిత్వమే ఆ పదవి. మిత్రులనేకులు దీనిని అవివేకమనిరి.

ఆయన ఏల అట్లు చేసెను? ఇది తెలియవలెనన్న ఆ కాలపు స్థితి కొంత యెరుగవలెను. 1787లో వ్రాసిన అమెరికా రాజ్యాంగమున బడి యను మాటయే లేదు. కేంద్రమునకు ఇచ్చిన అధికారములు పోగా మిగిలినవి రాష్ట్రములవి. కావున చదువు రాష్ట్రముల బాధ్యత యయ్యెను. మాసచూసెట్సున 1647 నాటికే, ఏబది కుటుంబములున్న ఊరు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనను శాసనము ఉండెను. కాని రెండువందల యేండ్లు గడచునప్పటికి రాష్ట్రము ఆ భారమును ఊళ్లకు, ఊళ్లు తమ పేటలకు వదలివేసినవి. కలవారు తమ బిడ్డలను ప్రత్యేక పాఠశాలలకు పంపుకొని, ఊరిబడికి పన్నిచ్చుటకు వెనుదీయుచుండిరి. గాలియు వెలుతురును లేని గదులు. కొలదివారములకు మాత్రము కూలికి కుదుర్చుకొన్న ఉపాధ్యాయులు. ఒక్కొక్క పిల్లవానిచేత ఒక్కొక్క పుస్తకము. ఇది ఊరిబడి.

మరియొక వైపున వోటుహక్కు విస్తరించుచుండెను. వోటు వచ్చినది గాని దాని విలువ తెలియలేదు. 1834లో బోస్టన్ సమీపమున చార్లెస్‌టౌనులో కెథలిక్ సన్యాసినుల మఠమును ఒక అల్లరిమూక తగులబెట్టెను. 1837 జూనులో బోస్టన్ వీథులలోనే, అగ్నిమాపక దళమువారికిని ఐరిష్ వారి శవయాత్రకును తగవు పుట్టి, అది పెద్ద దొమ్మీగా మారెను. మాన్ కార్యదర్శిత్వమునకు సమ్మతించినది ఆ మాసాంతముననే. దొమ్మీని సైనికులు అణచవచ్చును గాని, దొమ్మీ చేయని మనుష్యుని తయారుచేయవలసినది బడియే యని ఆయన నిశ్చయము. పెరిగిన వారి నిమిత్తము చట్టములు చేయుటకంటె పెరుగుచున్న వారిని దిద్దుట మేలని ఆయన న్యాయవాదవృత్తిని సహితము వదలుకొనెను.

ఆ పదవికి అధికారమేమియు లేదు. ఒక ఉపాధ్యాయుని నియమించుటకుగాని, తొలగించుటకుగాని, ఒక కాసు పన్ను విధించుటకుగాని ఆయనకు హక్కు లేదు. బడుల స్థితిగతులను విచారించి ప్రజలకు తెలుపుట, ఏటేట నివేదిక వ్రాయుట, ఇంతే. మాన్ ఆ తెలుపుటనే ఆయుధముగా చేసికొనెను. గుఱ్ఱముపై ఊరూర తిరిగి, బడులను కన్నులార చూచి, సభలు కూర్చి, పన్ను ఇచ్చువారిని ఒప్పించుచుండెను. ఒకమారు పిట్స్‌ఫీల్డు అను ఊరిలో ఉపాధ్యాయుల సమావేశమునకు పోగా బడిగది ఊడ్చువారే లేకపోయిరట. అంతట రాష్ట్ర గవర్నరగు బ్రిగ్స్ గారును, మాన్ మహాశయుడును చీపురు పుచ్చుకొని ఆ గదిని తామే శుభ్రము చేసిరి. 1838లో ఉపాధ్యాయులకొరకు ఒక పత్రికను గూడ స్థాపించెను. ప్రతి పేట బడియందును చిన్న గ్రంథాలయము ఉండవలెనని పోరాడుటలో ఆయనకు తన బాల్యము గుర్తుండెను.

పిల్లలకు నేర్పవలెనన్న ముందు నేర్పువారు తయారు కావలెను గదా. ఎడ్మండ్ డ్వైట్ అను ఉదారుడు పదివేల డాలర్లు ఇచ్చెదననగా, శాసనసభ మరియొక పదివేలు జతచేసెను. ఆ ధనముతో 1839 జులై 3న లెక్సింగ్టన్ గ్రామమున, రాష్ట్రప్రభుత్వ పక్షమున నడచు ఉపాధ్యాయ శిక్షణాలయము దేశములో మొట్టమొదటిసారిగా తెరవబడెను. 1775లో అమెరికా స్వాతంత్ర్యయుద్ధపు తొలి తుపాకులు మ్రోగినదియు ఆ గ్రామముననే. తొలినాడు చేరినవారు మువ్వురు కన్యలు మాత్రమే. ఈ బాలికలును, వీరి వెనుక వచ్చిన వేలకొలది స్త్రీలును పౌరధర్మములను మగపిల్లలకు నేర్పిరి. స్త్రీయగుట చేతనే వోటు నిరాకరింపరాదని దేశ రాజ్యాంగము శాసించినది 1920లో. అనగా ఎనుబది సంవత్సరములు వారు తమకు లేని హక్కును ఇతరులకు బోధించిరి. ఈ సంగతి తలచిన కొలది వారిపై గౌరవము హెచ్చుచున్నది.

ఇక ప్రధానవిషయమునకు వత్తము. బడిలో ప్రభుత్వమును గూర్చి చెప్పవలెననుట సులభము. ఎట్లు చెప్పవలెననుట కష్టము. ఉపాధ్యాయుడు ఒక పక్షమువాడు. పిల్లల తండ్రులలో సగము మంది మరియొక పక్షమువారు. ఆయన తన పక్షమును పొగడెనా, రెండవ పక్షమువారు బిడ్డలను మాన్పింతురు; మరునాడు పన్ను మాన్పింతురు. ఏమియు చెప్పకుండెనా, పిల్లవాడు ప్రభుత్వమన నేమో తెలియకయే వోటరు అగును. 1848లో వ్రాసిన తన పండ్రెండవ నివేదికయందు మాన్ ఈ చిక్కును విప్పజూచెను.

ఆయన చూపిన మార్గమిది. దేశ రాజ్యాంగమును, తమ రాష్ట్ర రాజ్యాంగమును బడిలో చదివింపవలెను. చట్టములు చేయువారెవరు, అమలుపరచువారెవరు, తీర్పు చెప్పువారెవరు, ఈ మూడు అధికారములను ఏల వేరుచేసిరి, ప్రతి యధికారికిని హద్దు ఎక్కడ అని విద్యార్థి తెలిసికొనవలెను. అన్యాయము జరిగిన యెడల న్యాయస్థానము కలదనియు, చట్టమే చెడ్డదైనచో వోటుతో దానిని మార్చు మార్గము చట్టమందే కలదనియు, ఇట్టి మార్గము తెరచియుండగా కత్తి పట్టుట దోషమనియు అతని మనస్సునకు పట్టవలెను. వివేకము గల పౌరులందరు అంగీకరించు మూలధర్మములను నిస్సంకోచముగా బోధింపవలెను. పక్షములు తగవులాడుకొనుచున్న విషయము పాఠములో తగిలినప్పుడు మాత్రము ఉపాధ్యాయుడు ఆ భాగమును వ్యాఖ్య లేక చదివి, ఇది వివాదమందున్నది, దీనికి తీర్పు చెప్పుస్థానము బడి కాదు అని తెలిపి ముందునకు సాగవలెను.

లెక్కలు వ్రాయు వృత్తిలో ఉన్నవాడను గనుక నాకు ఈ పద్ధతి యొక్క విలువ కొంత బోధపడినది. తన పేర వ్రాసిన పన్ను దేనికొరకో, దానిని వేయు అధికారమెవరిదో, తప్పున్నచో ఎవరికి చెప్పుకొనవలెనో తెలియని రైతు రెండే పనులు చేయగలడు. భయపడి ఊరకుండుట యొకటి, కోపించి తిట్టుట యొకటి. తెలిసినవాడు మూడవ పని చేయును. కాగితము పుచ్చుకొని వచ్చి నిలబడి యడుగును. ఈ మూడవ మనుష్యుని తయారుచేయుటయే మాన్ మహాశయుని సంకల్పము.

ఆయన మార్గము పూలబాట కాలేదు. 1840లో విద్యామండలినే రద్దు చేయవలెనని శాసనసభలో ప్రతిపాదన వచ్చి యోడిపోయెను. 1843లో ఆయన మేరీ పీబాడీని వివాహమాడి, ఆమెతో ఐరోపాకు పోయి ప్రష్యా మొదలగు దేశముల బడులను చూచి వచ్చి, అచటి ఉపాధ్యాయులు బెత్తము లేకయే బోధించుచున్నారని వ్రాసెను. బోస్టన్ ఉపాధ్యాయులు ముప్పదియొక్కమంది కూడి ఆయనపై ఖండనగ్రంథము ప్రకటించిరి. వాదప్రతివాదములు ఏండ్లు నడచినవి. బడినుండి మతమును వెడలగొట్టుచున్నాడని కొందరు ప్రొటెస్టెంటు ఆచార్యులు నిందించిరి. బడిలో వ్యాఖ్య లేక చదువునది ప్రొటెస్టెంటుల బైబిలే గనుక ఇది అందరి బడి యెట్లగునని కెథలిక్కులు అడిగిరి. ఈ రెండవ ప్రశ్నలో న్యాయము కలదు. అందరికిని సమ్మతమని తాను తలచినది అందరికిని సమ్మతము కాదని ఆయన పూర్తిగా గ్రహింపలేదు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న బానిసత్వము. దక్షిణ రాష్ట్రములలో లక్షలకొలది నల్లజాతివారు పశువులవలె అమ్ముడుపోవుచుండిరి. మాన్ మనస్సు ఆ దురాచారమును అసహ్యించుకొనుచుండెను. కాని కార్యదర్శిగా నున్నంతకాలము ఆయన బహిరంగముగా ఆ పోరాటమున దిగలేదు. తన ఉపాధ్యాయులను సహితము దిగవలదనెను. బడికి పక్షముద్ర పడిన యెడల బడియే కూలునని ఆయన భయము. ఈ మౌనమును బానిసత్వ నిర్మూలనవాదులు తీవ్రముగా ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణమును మనము త్రోసివేయరాదు. అయినను ఆయన హృదయమెట్టిదో ఒక సంగతి తెలుపును. శిక్షణాలయమున చేరిన ఒక నల్లజాతి కన్యకు ఆ ఊరిలో ఎవ్వరును బస ఇయ్యకపోగా, మాన్ దంపతులు ఆమెను తమ యింటనే ఉంచుకొని తమతోపాటు భోజనము పెట్టిరి.

1848లో ఆ మౌనము వీడెను. మాజీ అధ్యక్షుడగు జాన్ క్విన్సీ ఆడమ్స్ మరణింపగా, కేంద్ర కాంగ్రెసున ఆయన స్థానమునకు మాన్ ఎన్నికయ్యెను. ఆ యేడే రాజధానియగు వాషింగ్టను నుండి డెబ్బదిమందికి పైగా బానిసలు పెర్ల్ అను ఓడలో తప్పించుకొని పోవుచు పట్టుపడిరి. వారికి తోడ్పడిన ఓడనాయకుని పక్షమునను, అతని సహచరుని పక్షమునను మాన్ న్యాయస్థానమున వాదించెను. అప్పుడు వారికి శిక్ష తప్పలేదు గాని 1852లో దేశాధ్యక్షుడు వారిని క్షమించి విడిచెను. 1850లో తమ రాష్ట్రపు మహావక్త డేనియల్ వెబ్‌స్టర్, పారిపోయిన బానిసలను పట్టి యిచ్చు చట్టమును సమర్థింపగా, మాన్ ఆయనను బహిరంగముగా ఎదిరించెను. ఆయన పక్షమువారు ఆయనను అభ్యర్థిగా నిలుపమనిరి. మాన్ ప్రజల యొద్దకే పోయి, పక్షము తోడులేకయే గెలిచెను. బడిగదిలో ఉపాధ్యాయుడు పక్షము వహింపరాదని చెప్పినవాడే, పౌరుడుగా నిలువవలసిన చోట పక్షమును సహితము ధిక్కరించి నిలిచెను. ఈ రెండును కలిపి చూచినగాని ఆయన బోధ సంపూర్ణము కాదు.

1852లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడెను. ఆ యేడే ఒహాయో రాష్ట్రమున యెల్లో స్ప్రింగ్సు అను ఊరిలో నూతనముగా స్థాపింపబడిన యాంటియాక్ కళాశాలకు అధ్యక్షుడుగా ఆహ్వానము వచ్చెను. స్త్రీపురుషులకు ఒక్కటే చదువు, వర్ణభేదము లేని ప్రవేశము, ఆచార్యులలో స్త్రీకిని పురుషులతో సమానమైన జీతము. ఆ కాలమునకు ఇవి సాహసములు. కాని కళాశాలకు పుట్టుకతోనే అప్పు పట్టుకొనెను. ఆయన ఏండ్లతరబడి ఆ ఋణముతో పెనుగులాడెను. 1859లో కళాశాల అమ్ముడుపోగా మిత్రులు కొని నిలిపిరి. ఆ వేసవిలో పట్టభద్రుల నుద్దేశించి తన తుది ప్రసంగము చేయుచు, మానవజాతికి ఏదో యొక మేలు సాధింపకుండ చనిపోవుటకు సిగ్గుపడవలెనని ఉపదేశించెను. కొలది వారములకే, 1859 ఆగష్టు 2న, అరువదిమూడవ యేట పరమపదించెను. ప్రావిడెన్సు నగరమున తొలిభార్య ప్రక్కన ఆయన సమాధి కలదు.

ఆయన నాటిన విత్తనము మొలచినది. 1852లో మాసచూసెట్సు, బాలబాలికలు తప్పక బడికి పోవలెనని దేశమున మొట్టమొదట శాసనము చేసెను. 1918 నాటికి అన్ని రాష్ట్రములును అట్టి శాసనమును చేసికొనెను. తమ ప్రభుత్వము నడచు తీరు ఆ దేశపు బడులలో పాఠ్యాంశమై నిలిచెను. 1865లో ఉపాధ్యాయులును విద్యార్థులును చందాలు వేసికొని, బోస్టనున రాష్ట్ర శాసనసభాభవనము ముందు ఆయన విగ్రహమును ప్రతిష్ఠించిరి. వెబ్‌స్టర్ విగ్రహమును అచటనే కలదు. బ్రతికియుండగా తలపడిన యిరువురును ఒకే ప్రాంగణమున నిలిచియున్నారు. ప్రజాప్రభుత్వమన ఇట్లుండవలెనని నాకు తోచును.

మన గ్రంథాలయపు బల్లమీదను వేరువేరు పక్షముల పత్రికలు ప్రక్కప్రక్కన పడియుండును. ఉదయమున వాని చుట్టును కూర్చుండువారు వేరువేరు పక్షములవారే. వాదములు జరుగును, కంఠములు లేచును. ఇంతవరకు ఎవ్వరును రెండవవాని పత్రికను చింపలేదు. ఈ యిరువదియైదేండ్లలో మనము సంపాదించిన ఆస్తి ఇదియే. ఇకమీద మన పిల్లలకు ఒక్క పని చేసిపెట్టుదము. వారమున కొక సాయంకాలము వారిని ఇచట కూర్చుండబెట్టి, పంచాయతీ మొదలు పార్లమెంటు వరకు మన ప్రభుత్వము ఎట్లు నడచునో, మన రాజ్యాంగము మనకేమి హక్కులిచ్చెనో, మనపై ఏ విధులుంచెనో, ఏ పక్షమును పొగడక, ఏ పక్షమును తెగడక చదివి చెప్పుదము. రేపు వారు ఏ పక్షమున నిలుతురో వారి యిష్టము. తెలిసి నిలుతురు, అది చాలును.

గంటను కోరిన ఊరికి గ్రంథములు వచ్చినవి. ఆ గ్రంథములు చదివిన బాలుడు ఒక దేశమునకు బడులు కట్టించెను. మన బీరువాలలోని పుస్తకములకొరకు గూడ ఏ గడ్డి అల్లు బాలుడో ఎదురుచూచుచుండవచ్చును. వానికి తలుపు తెరచి యుంచుదము.

స్వస్తి.